మూడో అంతస్తులో అమ్మ

ఫోన్ తీయగానే అన్నయ్య ఒక్కటే మాట అన్నాడు. "చిట్టీ, వెంటనే రా. డాక్టరు పెదవి విరిచేశాడు."

గంట తిరక్కుండానే ఆమె చక్రాల కుర్చీ అన్నయ్య వాళ్ళ అపార్ట్‌మెంటు మెట్ల ముందు ఆగింది. అక్కడితో దారి అయిపోయింది.

ఆ ఊళ్ళో బ్యాంకుకీ, కోర్టుకీ, సినిమా హాలుకీ కుర్చీ ఎక్కే వాలుదారి ఉందంటే, ఆర్కిటెక్టయిన ఆమె పోరు పెట్టబట్టే. ఈ పాత అపార్ట్‌మెంటుకి కూడా వెనక గోడనానుకుని లిఫ్ట్ గీసిచ్చింది. కింది అంతస్తు పెద్దాయన అడ్డం పడ్డాడు. తన కిటికీకి వెలుతురు పోతుంది, సంతకం పెట్టనని ఆయన పట్టు.

మోకాళ్ళు పోయాక అమ్మ మూడో అంతస్తు దిగలేదు. అప్పట్నుంచి అమ్మ బాల్కనీలో, కూతురు వీధిలో. వాళ్ళ రహస్యాలన్నీ వీధి వీధంతా వినేది.

"నేనెత్తుకొస్తాను పదవే" అని అన్నయ్య అన్నప్పుడల్లా పైనుంచి అమ్మే కసిరేది. "అదేమన్నా సిమెంటు బస్తాట్రా? దర్జాగా లిఫ్ట్‌లోనే వస్తుంది. నేను చూస్తాను!"

ఇవాళ ఆమె అన్నయ్య మొహం చూసి, "ఎత్తండి" అంది.

ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. ముందు అన్నయ్య పట్టాడు. వెనక పట్టింది ఆ పెద్దాయనే, ఎవరూ పిలవకుండానే వచ్చాడు. రెండో అంతస్తు దాటి మెట్ల మలుపుకి చేరేసరికి ఆయన ఆయాసంతో గోడకి చేరగిలబడిపోయాడు.

పైనుంచి వదిన కేక. "ఏమండీ! అత్తయ్యకి ఊపిరందట్లేదు, రండి!"

"నువ్వెళ్ళన్నయ్యా!"

అన్నయ్య పరుగెత్తాడు. ఆమె కుర్చీలోంచి మెట్టు మీదికి జారింది. పై మెట్టుకి వీపు ఆనించి, అరచేతులు ఊని, ఒంటిని పైకి లాక్కుంది. మళ్ళీ ఇంకో మెట్టు. మోచేయి దోక్కుపోయింది.

"అమ్మా! వస్తున్నానే! మలుపు దాటేశాను!"

"విన్నారు చిట్టీ! కళ్ళు తెరిచారు!" వదిన ఏడుస్తూనే అరిచింది.

పెద్దాయన లేచి వచ్చాడు. వంగి ఆమె పాదాలు రెండూ పట్టుకుని, ఆమె ఎక్కిన ప్రతి మెట్టుకీ పైకి అందించసాగాడు. "రేపే సంతకం పెడతాను తల్లీ... కట్టించుకో నీ లిఫ్టు..."

"ముందు కాళ్ళెత్తండి బాబాయిగారూ!"

పైన వదిన గొంతు ఆగిపోయింది. ఆమె చేతులు మాత్రం ఆగలేదు.

గడప దాటి, గదిలోకి పాక్కుంటూ వెళ్ళింది. అన్నయ్య గోడవైపు తిరిగి నిలబడ్డాడు. మంచం ఎత్తు. కిందున్న ఆమెకి దుప్పటి అంచు తప్ప ఇంకేం కనపడలేదు.

"ఇప్పుడే చిట్టీ... ఒక్క నిమిషం ముందు..." అంటూ అన్నయ్య ఆమెను లేవనెత్తబోయాడు.

"నన్నెత్తొద్దు. అమ్మని దించండి."

అన్నయ్య తలవైపు, పెద్దాయన కాళ్ళవైపు పట్టారు. వదిన దిండు కోసం వెతుకుతోంది.

"వద్దు వదినా" అంటూ ఆమె అమ్మ తలను తన ఒళ్ళోకి తీసుకుంది. చెంప ఇంకా వెచ్చగానే ఉంది.