తుప్పుకు ఇటుక ఎరుపు

కంప్యూటర్‌కు బుద్ధి లేదంటే మా ఆఫీసులో ఎవరూ ఒప్పుకోరు. నది నీళ్లలో ఏమేం కలుస్తున్నాయో చూపించే చార్టులు గీసే పని నాది కాబట్టి నాకు తెలుసు. పేజీ నిండా గడులు, ఒక్కో పరీక్షా కేంద్రానికి ఒక్కో గడి. ప్రతి గడిలో బురద, నాచు, నూనె, ఎరువు, తుప్పు ఎంతెంత ఉన్నాయో నిలువు పట్టీలు. రంగులు దాని ఇష్టానికి వదిలేశామా, వరసగా పంచుకుంటూ పోతుంది. ఒకచోట నూనె లేదనుకోండి, నూనె రంగు తీసుకెళ్లి ఎరువుకు అంటగడుతుంది, ఎరువుది తుప్పుకు. పక్క గడిలో మళ్లీ ఇంకో భాగవతం. చదివేవాడి ఖర్మ.

మాది ఎగువ ఆఫీసు. దిగువ ఆఫీసుతో కలిసి మొదటిసారి నివేదిక వేసినప్పుడు సరిగ్గా ఇదే జరిగింది. మా పేజీలో నీలం అంటే బురద, వాళ్ల పేజీలో నీలం అంటే ఎరువు. పెద్ద ఆఫీసువాళ్లు రెండూ ఒకటే అనుకుని, బురద తప్ప మరేమీ లేని ఊరికి వెళ్లి ఎరువులు గుమ్మరిస్తున్నారని అక్కడి రైతులను నానా మాటలూ అని వచ్చారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. దిగువ ఆఫీసుకు ఫోన్ చేసి, ఎత్తింది ఎవరో కూడా అడగకుండా కడిగిపారేశాను. అవతలి మనిషి ఓపిగ్గా అంతా విన్నాడు.

"అయిపోయిందాండీ?" అన్నాడు. "అయితే ఇప్పుడు రంగులు పంచుకుందామా?"

అలా మొదలైంది. ఏ సరుకుకు ఏ రంగో ముందే పేరుపేరునా కంప్యూటర్‌కు చెప్పేసి, రెండు ఆఫీసుల్లోనూ అదే వాడాలని అనుకున్నాం. నూనె లేని గడిలో నూనె రంగు ఎవరికీ వెళ్లకూడదు. "లేనివాళ్ల చోటు అలాగే ఉంచాలండీ," అన్నాడాయన. పని మాటే, కానీ ఆ గొంతులో విన్నాక నాకు ఆ పూట అన్నం సయించలేదు.

రంగులన్నీ నేనే ఎంచాను. బురదకు గోధుమ, ఎరువుకు నీలం, తుప్పుకు ఇటుక ఎరుపు. నేను రంగు పేరు చెబితే ఆయన కంప్యూటర్‌లో ఆ రంగుకుండే అంకెల కోడు అడిగేవాడు. కోడు చెబితే టైపు చేసుకునేవాడు. దేనికీ అభ్యంతరం చెప్పలేదు, ఒక్క నాచు దగ్గర తప్ప. దాని ఆకుపచ్చను బాగా లేతగా చేయమన్నాడు, తుప్పు పక్కన పడితే ఇబ్బందట. ఎక్కడి ఎరుపు, ఎక్కడి పచ్చ! చాదస్తం అనుకుని చేసిపెట్టాను.

కొత్తగా నీళ్లలో ఏది తేలినా ఫోన్. ఏదీ తేలకపోయినా, పాత రంగు సరిగ్గానే ఉందా అని ఫోన్. ఏళ్లు గడిచాయి. ఆయన ఒంటరివాడని మాటల్లోనే తెలిసింది. నా సంగతీ అలాగే తెలిసి ఉంటుంది. ఫొటో ఆయన అడగలేదు, నేనూ అడగలేదు. అడిగితే రంగుల మాట పోయి ఇంకో మాట వస్తుందని ఇద్దరికీ భయం. ఆ ఇంకో మాట కోసమే నేను చచ్చేంత ఎదురుచూశాను. ఇందులో దాచడానికేముంది?

నేను అన్నయ్య ఇంట్లో ఉంటాను. మా వదిన కళ్లకు ఏదీ దాగదు. సాయంత్రం నా ముఖం చూసే, "ఇవాళ రంగులాయన ఫోన్ చేయలేదా అమ్మాయ్?" అనేది. నీ పని చూసుకో వదినా అనేదాన్ని. ఆవిడ పనే అది.

ఇంతలో పెద్ద ఆఫీసు నుంచి కబురు వచ్చింది. ఇక మీదట చార్టులన్నీ వాళ్లే గీస్తారట. రెండు ఆఫీసులకూ కలిపి ఆఖరి సమావేశం ఒకటి పెట్టారు. అంటే ఇక ఫోన్ చేయడానికి సాకు ఉండదు. ఆ సంగతి ఆయనకూ తట్టినట్టుంది, ఆ రోజే ఫోన్ చేశాడు.

"మీరూ వస్తున్నారట కదా. మిమ్మల్ని పోల్చుకునేదెలా?"

తుప్పు రంగు స్వెటర్ వేసుకొస్తానని చెప్పాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆయన ఏదో చెప్పబోయి, సరేనన్నాడు.

ఫోన్లో ఆ రంగు పెట్టుకుని బట్టల కొట్లన్నీ తిరిగాను. ఒకచోట ఎరుపు ఎక్కువ, ఒకచోట నారింజ. పెళ్లి బట్టలకైనా ఇంత తిరగరని వదిన నవ్వింది, ఆనక తనే వచ్చి ఒక కొట్లో అచ్చం అదే రంగు వెతికిపెట్టింది.

సమావేశంలో మా చార్టుల గురించి మా ఆఫీసరే మాట్లాడాడు, నాకు కూర్చోవడమే పని. దిగువ ఆఫీసు వంతు రాగానే గొంతు విని ఉలిక్కిపడ్డాను. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు, చెవుల దగ్గర నెరిసింది. ఈ రంగులు ఎగువ ఆఫీసువారి చలవ అన్నాడు. నేను స్వెటర్ సరిచేసుకుని నిటారుగా కూర్చున్నాను.

టీ ఇచ్చే వేళకు ఆయన దిగి వచ్చాడు. ఒక్కొక్కరినీ చూసుకుంటూ వస్తున్నాడు. నన్ను చూశాడు. నా స్వెటర్‌నీ చూశాడు. ఒక్క క్షణం ఆగినట్టే ఆగి, కిటికీ పక్కన ముదురాకుపచ్చ కోటు వేసుకున్న ఒకావిడ దగ్గరకు వెళ్లిపోయాడు. ఏదో అన్నాడు, నవ్వాడు, ఆవిడా నవ్వింది.

అంతే, నాకు అర్థమైపోయింది. చూశాడు, నచ్చలేదు, మొహం చాటేశాడు. నోట్లో నాలుక లేనిదాన్నా నేను? వెళ్లి కడిగేయాల్సింది. కానీ పలకరించాల్సింది ఆయన, నేనెందుకు నోరు విప్పాలి? ముఖం మాడ్చుకుని సాయంత్రం దాకా ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నాను. తలనొప్పా అని మా ఆఫీసరు అడిగితే తలే ఊపాను.

వారం దాటాక ఆయన దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. రంగుల కోడులు పెద్ద ఆఫీసుకు అప్పగించాలట. పంపుతానన్నాను, ముక్తసరిగా.

"ఆ రోజు ఒంట్లో బాగోలేదాండీ? మీరు వస్తారనే అనుకున్నాను."

ఇక నావల్ల కాలేదు. "మీ ఎదురుగానే కూర్చున్నానండీ. చెప్పిన రంగు స్వెటర్ వేసుకునే కూర్చున్నాను. మీరు చూసి, ఆ ఆకుపచ్చ కోటావిడ దగ్గరకు వెళ్లారు."



"అది ఆకుపచ్చా?" అన్నాడు.

అప్పుడు చెప్పాడు. ఎరుపూ ఆకుపచ్చా ఆయన కళ్లకు పుట్టినప్పటి నుంచీ ఒకటేనట. చార్టులు గీసేవాడు ఆ మాట ఏ ముఖం పెట్టుకుని చెబుతాడు? నేనిచ్చిన కోడులు పట్టుకుని నెట్టుకొచ్చాడు. స్వెటర్ అనగానే చెప్పేద్దామనుకున్నాడట, నా సంబరం విని నోరు రాలేదట.

"హాల్లో ఎరుపూ ఆకుపచ్చా వేసుకున్నవాళ్లంతా నాకు ఒక్కలాగే ఉన్నారండీ. ఆవిడ నవ్వితే మీరే అనుకున్నాను. కాదని తెలిశాక, ఎవరినీ అడిగే ధైర్యం లేక, మీ గొంతు వింటే పోల్చుకుందామని తలుపు దగ్గర నిలబడ్డాను, హాలు ఖాళీ అయ్యేదాకా. ఒక్క మాట వినబడినా చాలనుకున్నాను."

ఆ తలుపులోంచే నేను బయటికొచ్చాను. ఆయన పక్కనుంచే. దారి ఇవ్వమని కూడా అడక్కుండా, భుజం తగలకుండా ఒదిగి వచ్చాను.

"ఉన్నారాండీ?" అన్నాడు.

"ఉన్నాను."

"ఆ ఇటుక ఎరుపు ఎలా ఉంటుందండీ?"

 

"వచ్చి చూపిస్తాను," అన్నాను, చూడలేడని తెలిసే.

"రండి," అన్నాడు.