ఎర్రరంగు పూసిన వేలు

పాలిషమ్మ చేతిగడియారం విప్పి ఒళ్లో పెట్టుకుంది. తలుపు చెక్కకు ఉప్పుకాగితం రుద్దుతున్నట్టే రుద్దుతూ, ఓరకంట వడ్రంగి మేస్త్రి అయిన భర్త కుడిచేతి చూపుడువేలిని గమనించసాగింది.

మేస్త్రి కర్రను చెక్కే కరెంటు చిత్రిక మీట వదిలాడు. చెవులకు చిల్లులు పొడిచే ఆ మోత సన్నబడుతూ కిందికి దిగుతోంది. ఒకటి, రెండు, మూడు. మూడో సెకనుకు అతని చూపుడువేలు పొట్టు బయటికొచ్చే మూతి దగ్గరికి వెళ్లి, అక్కడ ఇరుక్కున్న పొట్టును గీకి బయటికి లాగింది. నాలుగు, అయిదు, ఆరు, ఏడు. ఏడో సెకనుకు గానీ లోపల బ్లేళ్లు ఆగలేదు.

లెక్కలో సందేహానికి తావు లేదు. ఆగని బ్లేళ్లూ ఆయన వేలూ నాలుగు సెకన్ల పాటు ఒకే కన్నంలో ఉన్నాయి. పొద్దుటి నుంచి ఇది అయిదోసారి.

ఆమెను ఆ వీధంతా పాలిషమ్మ అనే పిలుస్తుంది. ముప్ఫై ఏళ్లుగా ఆ షెడ్డులో తయారైన తలుపులన్నిటికీ రంగు పట్టించింది ఆమే. మేస్త్రి నలభై ఏళ్లు చేతిచిత్రిక పట్టినవాడు. చేతిచిత్రికలో పొట్టు బ్లేడు ముందరి సందులో చుట్టలు చుట్టుకుని అడ్డం పడుతుంది. పనివాడి వేలు దాన్ని చటుక్కున ఎగరేస్తుంది, చెయ్యి మళ్లీ ముందుకు సాగుతుంది. అలా వేలసార్లు, లక్షలసార్లు. ఆ వేలు చేసే పనిని మేస్త్రి ఎన్నడూ చూసుకోలేదు. కనురెప్ప వాలడాన్ని ఎవరు మాత్రం చూసుకుంటారు?

ఎనిమిది నెలల కిందట పెద్దకొడుకు ఈ మిషను కొనుక్కొచ్చాడు. దానితోపాటు వచ్చిన ఇరవైరెండు పేజీల పుస్తకం మొదటిరోజే టీగ్లాసు కింద చేరింది. పొట్లం కట్టిన కాగితాన్ని కూడా చదవనిదే పారెయ్యని మనిషి కనుక, పాలిషమ్మ దాన్ని తుడిచి ఆసాంతం చదివింది. బ్లేళ్లు పూర్తిగా ఆగేదాకా మిషను కింద పెట్టకూడదు. పొట్టు మూతిలో వేళ్లు పెట్టకూడదు. అడ్డం పడిన పొట్టు తియ్యాలంటే ముందు ప్లగ్గు పీకాలి. మాటలు తేటగా ఉన్నాయి, అచ్చు పెద్దగా ఉంది. ఆ ఇంటి మగవాళ్లకు అది చదవడం నామోషీ. చదవాల్సి రావడమంటే పని రాదని ఒప్పుకోవడమే అనుకున్నారు కాబోలు.

ఇన్నాళ్లూ ఎండిన కర్ర కావడంతో పొట్టు పొడిపొడిగా ఎగిరిపోయేది. ఈ వారం వచ్చిన కర్ర పచ్చిది, జిగురుది. పద్నాలుగు తలుపుల పని. తడిపొట్టు పొడుగు పొడుగు పట్టీలుగా మూతిలో బిర్రబిగుసుకుంటోంది. పోయిన వారం గోరు దాకా వెళ్లిన వేలు ఈ వారం మొదటి కణుపు దాకా వెళ్తోంది. బ్లేడుకు ఇంకా అంగుళం దూరం. పాలిషమ్మ స్కేలు పెట్టి కొలిచింది.

"ఏమండీ, మిషను ఆగకుండానే వేలు పెడుతున్నారు," అంది.

"ఎవరూ, నేనా?"

"నేనైతే కాదు."

"నాకేమన్నా మతి పోయిందా, తిరిగే బ్లేళ్లలో వేలు పెట్టడానికి? నలభై ఏళ్ల చెయ్యి ఇది!"

"అమ్మా, నువ్వు రంగు సంగతి చూసుకో," అన్నాడు పెద్దకొడుకు, ఇసుక మిషనుతో అవతలి చెక్క నునుపు చేస్తూ. "నాన్న చేతికి కళ్లుంటాయి."

మేస్త్రి అబద్ధం ఆడటం లేదు. ఆమెను భయపెట్టింది అదే. అబద్ధమాడే మనిషిని నిలదీయవచ్చు. తన చెయ్యి ఏం చేస్తోందో తనకే తెలియని మనిషిని ఏమని నిలదీస్తాం? కొత్తగా పని నేర్చుకునేవాడు ఆ మూతి దరిదాపులకు పోడు. పనిలో ఆరితేరినవాడి వేలు మాత్రమే అంత ధీమాగా అక్కడికి వెళ్తుంది.

మూల కూర్చుని గొళ్లేలు బిగిస్తున్న మరిది ఈ మాటలకు తలెత్తలేదు. అతని కుడిచేతికి చూపుడువేలూ నడిమివేలూ లేవు. పంతొమ్మిదేళ్ల కిందట చక్రం రంపం తీసుకుపోయింది. చెయ్యి జారిందని అందరూ అన్నారు, ఇప్పటికీ అంటారు. పాలిషమ్మ ఆ రోజు అక్కడే ఉంది. చెయ్యి జారలేదు. రంపానికి పళ్లమీద అడ్డుగా ఉండాల్సిన గార్డు లేదు. చెయ్యి జారిందన్న మాట ఎంత సౌకర్యమైనది! అందులో గార్డు ఊసు ఉండదు, గార్డు తీసిన మనిషి ఉండడు. ఉండేదల్లా తప్పుచేసిన చెయ్యి ఒక్కటే, అదీ అప్పటికే శిక్ష అనుభవించిన చెయ్యి. ఆ గార్డు ఈనాటికీ వెనకగోడ మేకుకు వేలాడుతోంది. పండగకి కాదు, పబ్బానికి కాదు, ఏ కారణమూ లేకుండా ఆమె నెలకోసారి దాని దుమ్ము తుడుస్తుంది. ఎవరు తీశారని ఎవరూ అడగలేదు. తానూ అడగలేదన్నది ఆమె తనను తాను క్షమించుకోలేని విషయం.

ఈసారి నోరు మూసుకుని కూర్చోదలచలేదు. ఎర్రరంగు డబ్బా మూత తీసి, గుడ్డముక్క ముంచి, భర్త దగ్గరికి వచ్చింది.

"చెయ్యి ఇటివ్వండి."

"ఏంటిది, ఈ వయసులో గోరింటాకా?"

"పందెం. సాయంత్రందాకా ఈ వేలికి రంగు ఉంటుంది, ఆరకుండా నేను చూసుకుంటాను. ఆ మూతి మీద ఒక్క మరక కూడా పడకపోతే, ఇంక ఈ జన్మలో మిషను మాట ఎత్తను."

మేస్త్రి మొహం వెలిగిపోయింది. "ఈ జన్మలోనే? ఒరేయ్ తమ్ముడూ, విన్నావా? సాక్ష్యం నువ్వే!"

"తొందరపడకు వదినా," అన్నాడు మరిది. "నువ్వు మాట్లాడకపోతే మా అన్నయ్య మాటలన్నీ నేనే వినాలి."

వేలు చివర ఎర్రగా మెరిసింది. మేస్త్రి దాన్ని అందరికీ చూపించి, ఓటేసి వచ్చినవాడిలా నవ్వి, పనిలో దిగాడు. మొదటి చెక్కకు జాగ్రత్తగానే ఉన్నాడు. రెండో చెక్కకు కూడా. మూడో చెక్క మధ్యలో కర్ర నార అడ్డం తిరిగింది, చూపు దానిమీదికి పోయింది, మనసు పనిలో మునిగింది. వేలు తన దారి తాను చూసుకుంది.

ఒంటిగంటకు ఆమె మిషను ప్లగ్గు తీసి, దాన్ని వెలుతురులో బల్ల మీద పెట్టి, భర్తను పిలిచింది. మూతి అంచున ఎర్ర మరకలు. ఒకదానిమీద ఒకటి పడ్డవి పోను, విడివిడిగా ఏడు.

మేస్త్రి చాలాసేపు చూశాడు. వేలు చూసుకున్నాడు, మళ్లీ మూతి చూశాడు.

"ఇవి... నావేనా?"

"మీ తమ్ముడివి కావు. ఆ వేలు ఆయనకు లేదు."

ముందుగా నవ్వింది మరిదే. "వదిన కొడితే ముల్లు కాదన్నయ్యా, మేకే దిగుద్ది."

మేస్త్రి నవ్వలేదు. కానీ ఓడిపోవడం కూడా చేతకాలేదు. "అంచునే ఉన్నాయి కదే," అన్నాడు. "లోపలికి పోలేదుగా. ఆ మాత్రం నా చేతికి తెలుసు." ప్లగ్గు తానే పెట్టుకున్నాడు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. బొటనవేలి కీలు నొప్పి పెడుతోందని తండ్రి అన్నందుకు, కొడుకు సైకిల్ ట్యూబులోంచి రబ్బరు పట్టీ కత్తిరించి మిషను పిడికి తొడిగాడు. పట్టీ ముందుకు జరిపితే మీట నొక్కుకునే ఉంటుంది. వెనక్కి లాగితే వదులుతుంది. తండ్రి మీద ప్రేమతో చేసిన పనే. మీట వదిలితే మిషను ఆగాలని దాన్ని తయారుచేసినవాళ్లు ఎందుకు అనుకున్నారో మాత్రం కొడుకు ఆలోచించలేదు.

రెండున్నరకు, చెక్క సగంలో ఉండగా, కరెంటు పోయింది. ఫ్యాను రెక్కలు నెమ్మదించాయి. కొడుకు ఇసుక మిషనును బల్లమీద ఉన్నపళంగా వదిలేసి చెమట తుడుచుకుంటూ గుమ్మంలోకి వెళ్లాడు. మేస్త్రి స్టూలు మీద చతికిలబడి, చిత్రికను ఒళ్లోకి తీసుకుని, ఇరుక్కున్న పొట్టును తీరుబడిగా పీకడం మొదలుపెట్టాడు.

"కరెంటు లేదులే," అన్నాడు, ఎవరూ అడక్కుండానే. వేలు రెండో కణుపు దాకా లోపల ఉంది. రబ్బరు పట్టీ ముందుకే జరిపి ఉంది.

పాలిషమ్మ పట్టీని చూసింది. అరవలేదు, అరిస్తే వేలు ఉలిక్కిపడుతుంది, ఏ వైపు ఉలిక్కిపడుతుందో ఎవరికి తెలుసు? గోడమీది బోర్డు నాలుగడుగుల దూరం. ఆమె లేచి, ఆ నాలుగడుగులూ నడిచి, ప్లగ్గు పీకి చేతిలో పట్టుకుంది. గోడకు ఆనుకుని నిలబడింది.

ఎంతోసేపు పట్టలేదు. ఫ్యాను మూలిగింది. దీపం వెలిగింది. అవతలి బల్లమీద, కొడుకు ఆపకుండా వదిలేసిన ఇసుక మిషను తనంతట తాను గుర్రుమని లేచి, గజగజ వణుకుతూ బల్ల అంచుదాకా పాకి, దబ్బున నేలమీద పడింది. పడ్డాక కూడా తిరుగుతూనే ఉంది. కొడుకు పరుగెత్తుకొచ్చి దాని పీక నొక్కాడు.

మేస్త్రి ఒళ్లోని మిషను మాత్రం నిశ్శబ్దంగా ఉంది. అతను ఇసుక మిషను వైపు చూశాడు. తన మిషను పిడిని చుట్టుకున్న పట్టీని చూశాడు. ఇంకా లోపలే ఉన్న తన వేలిని చూశాడు. వైరు వెంట చూపును మెల్లగా నడిపించుకుంటూ పోతే, చివర భార్య చేతిలో ప్లగ్గు కనిపించింది.

వేలు బయటికి తీశాడు. మిషను తిరగేసి, పుల్లతో బ్లేళ్ల ఇరుసును కొద్దిగా తిప్పాడు. ఒక బ్లేడు వీపు మీద, గోరంత ఎర్రమరక.

"ఎనిమిది," అన్నాడు.

ఉలి తీసుకుని రబ్బరు పట్టీని తెగ్గోశాడు.

"నాన్నా, నీ బొటనవేలు నొప్పి అన్నావనీ..." అని నసిగాడు కొడుకు.

"నొప్పి పుట్టాలన్నా వేలుండాలి కదరా."

ఆ మాటలో కోపం లేదు. పాలిషమ్మ అతని మొహం చూసింది. నలభై ఏళ్లు అతను చెప్పినట్టు విన్న చెయ్యి అతనికి తెలియకుండా వేరే కాపురం పెట్టిందని ఇప్పుడే తెలిసినట్టుంది ఆ మొహం. "ఇంక పెట్టను" అని అతను అనలేదు. అని ఉంటే ఆమె నమ్మేది కాదు. తన మాట మీద తనకే నమ్మకం పోయిన మనిషి, మొట్టమొదటిసారిగా, మాటతో కాక కర్రతో జవాబు వెతుక్కున్నాడు.

గట్టికర్ర ముక్క ఒకటి ఏరి, జానెడు పొడుగున పలచగా చెక్కాడు. చివర కొద్దిగా వంపు, పొట్టును గీకి లాగడానికి. ఇటు చివర కన్నం, కన్నంలో దారం. ఆ దారాన్ని మిషనుకు కట్టలేదు. వైరు రెండో చివర, ప్లగ్గు మెడకు, బెత్తెడు వదిలి ముడేశాడు. ప్లగ్గు గోడకు పెట్టి చూశాడు. పుల్ల గోడ దగ్గరే వేలాడింది. ఎంత లాగినా మిషను దాకా రాదు. ప్లగ్గు పీకితే తప్ప పొట్టు తీసే పుల్ల చేతికి అందదు.

"వేలు నా మాట వినదు," అన్నాడు, పుల్లను ఊపి చూస్తూ. "అలవాటు చేసింది నేనే. ఇప్పుడు మానమంటే మానుద్దా? మధ్యలో ఇదొకటి ఉంటే, గోడదాకా నడవాల్సొస్తే, అప్పటికి మెలకువ వస్తుంది."

పాలిషమ్మ ఆ ముడిని పరీక్షగా చూసింది. ఇరవైరెండు పేజీల పుస్తకంలో ఈ ఉపాయం లేదు. ఆ సంగతి పైకి చెప్పలేదు; ఒక్కరోజుకు ఆయనకు అంత పొగడ్త అక్కర్లేదు. "మూతి అంచుకు కూడా ఏదైనా అడ్డం పెట్టండి. పుల్ల మరిచిపోయే రోజు వస్తుంది," అంది.

"పెడతా." ఎదురుమాట లేకుండా వచ్చిన ఆ జవాబుకు కొడుకు తలతిప్పి చూశాడు.

మేస్త్రి లేచి వెనకగోడ దగ్గరికి వెళ్లాడు. మేకుకున్న గార్డు తీసి, అటూ ఇటూ తిప్పి చూశాడు. దానిమీద దుమ్ము లేకపోవడం గమనించి, భార్య వైపు ఒకసారి చూసి, చూపు దించుకున్నాడు. చక్రం రంపం దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, దాని ప్లగ్గు చూసుకుని, పీకి పక్కన పెట్టాడు.

"ఒరేయ్ తమ్ముడూ, ఇలా రా."

మరిది వచ్చాడు.

"దీన్ని ఆ రోజు తీసింది నేను. పెద్ద చెక్కకు అడ్డం వస్తోందని. నువ్వు మధ్యాహ్నం వస్తావని తెలిసి కూడా మళ్లీ పెట్టలేదు."

పంతొమ్మిదేళ్లలో ఆ మాట షెడ్డులో వినబడటం అదే మొదలు. పాలిషమ్మ చేతిలో ఉప్పుకాగితం ఆగిపోయింది. మరిది తన చేతి వంక కాకుండా అన్న చేతి వంక చూశాడు, ఎర్రటి వేలున్న చేతి వంక.

"ఇప్పుడు బిగిస్తే నా వేళ్లు మొలుస్తాయా అన్నయ్యా?"

"మొలవ్వు," అన్నాడు మేస్త్రి. "బోల్టు పట్టుకో."

మరిది వెంటనే పట్టుకోలేదు. ఆ కాసేపట్లో ఫ్యాను ఎన్ని చుట్లు తిరిగిందో పాలిషమ్మ కూడా లెక్కపెట్టలేదు. చివరికి అతను వంగి, మిగిలిన మూడు వేళ్లతో బోల్టును ఒడిసి పట్టుకున్నాడు. "సరిగ్గా బిగించు. లొడలొడలాడితే వదిన ఊరుకోదు," అన్నాడు.

గడియారం మూడున్నర దాటింది. సాయంత్రం ఇంకా కాలేదు. పాలిషమ్మ రంగు డబ్బా మూత తీసింది. గార్డు బిగించి వచ్చిన మేస్త్రి, ఆమె అడక్కముందే వేలు చాపాడు.