తల లేని ఊలుబొమ్మ

మధ్యాహ్నం అన్నాలయ్యాక వెంకటరామి పత్తికొట్టులోకి పోయి లోపలి నుంచి గడియ పెట్టుకునేవాడు. గడియ పడిన చప్పుడు వినగానే వంటింట్లో ఆయన భార్య సుభద్రమ్మ చేతిలోని ఇత్తడి గిన్నెను ఠంగుమని నేలకు కొట్టేది. అది ఆమె తిట్టు. రెండేళ్ళపాటు అట్లా తిట్లు తిన్న ఆ గిన్నె, గిన్నెగా పుట్టి జల్లెడగా పోయిందని ఆ ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు.

"మళ్ళా దూరినాడు. ఆ సీసా యాడ దాచిపెట్టుకొండాడో ఏమో" అని ఆమె నింగమ్మతో అనేది.

నింగమ్మ ఆ ఇంట్లో కసువు ఊడ్చే ముసలామె. "మగోళ్ళు గదమ్మా. సుమ్నే ఉండు, ఏమీ అనాకు" అని చీపురు పట్టుకొని అవతలికి పోయేది.

చదువరులు కూడా ఆయన తాగుతున్నాడనే అనుకొని ఉంటారు. ఊరంతా అదే అనుకుంది. అనుకొని, ఒక్కరైనా తప్పు పట్టలేదు. రెండు లారీలున్న మనిషి, ముప్పై ఎకరాల నల్లరేగడి ఉన్న మనిషి, ఆ మాత్రం పుచ్చుకోకపోతే ఎట్లా అన్నారు. నిజం వేరు. గడియ వెనక ఆయన ఊలుతో బొమ్మలు అల్లుతున్నాడు.

నవ్వు వస్తే ఇప్పుడే నవ్వేయండి. తరువాత వీలుపడదు.

వెంకటరామి అంటే సామాన్యుడు కాడు. సంగనకల్లు కొండమీద తడితే గంటల్లా మోగే రాళ్ళున్నాయి. ఆ కొండకు రెండు మైళ్ళ దూరంలోని తన పల్లెలో ఆయన గడప మీద నిలబడి దగ్గితే ఆ రాళ్ళు ఎవరూ తట్టకుండానే మోగేవట. మీసాల మీద అటొకటి ఇటొకటి నిమ్మకాయ నిలబెట్టుకొని, పడిపోకుండా బళ్ళారి దాకా మోటారుసైకిలు తోలినాడని చెప్పేవాళ్ళు బోలెడు మంది. ఆ నిమ్మకాయలు చూసినవాడు మాత్రం ఇంతవరకు దొరకలేదు.

అంతటివాడికి ఊలు పిచ్చి ఎట్లా పట్టిందంటే, ఎనభై ఒకటో సంవత్సరంలో ఇనుపరాయి లారీకి టైరు మారుస్తుండగా జాకీ జారి ఆయన తొడ ఎముక విరిగింది. బళ్ళారి ఆస్పత్రిలో కాలు పైకి కట్టి మూడు నెలలు పడుకోబెట్టారు. ఆయన అరుపులకు పక్క మంచాల రోగులు జబ్బు నయం కాకముందే లేచి ఇళ్ళకు పోయారని చెబుతారు. చివరకు మంగళూరు వైపు నుంచి వచ్చిన ఒక నర్సమ్మ ఓర్చుకోలేక ఒక ఊలు ఉండ, రెండు సూదులు తెచ్చి ఆయన గుండెల మీద పడేసింది.

"కాలు కదా కట్టేసింది? చేతులకేమైంది?" అంది.

ఆయన అల్లిన మొదటి చిలుక దున్నపోతులా వచ్చింది. రెండోది దున్నపోతు దూడలా వచ్చింది. నాలుగోది మాత్రం చిలుకే అయింది. సూదుల వెంట దారం నడుస్తున్నంతసేపూ ఆయనకు నొప్పి తెలియలేదు, లారీలు గుర్తు రాలేదు, పొలంగట్టు తగాదాలు గుర్తు రాలేదు. నలభై ఏడేళ్ళ బతుకులో తన చేతులు ఎవరినీ బెదిరించకుండా ఒక పని చేయడం ఆయన అప్పుడే మొదటిసారి చూశాడు.

ఇంటికి వచ్చాక చిక్కు మొదలైంది. ఆ ఊళ్ళో మగవాడు తాగవచ్చు. పేకాటలో ఎద్దులజతను పోగొట్టుకున్నవాడు కూడా చావడిలో కాలు మీద కాలేసుకొని కూర్చోవచ్చు. పెళ్ళాన్ని కొట్టినవాడిని ఎందుకు కొట్టావని అడిగేవాడు లేడు. కాని ఊలు పట్టుకున్న మగవాడికి ఆ చావడిలో చోటుండదు. అందుకే ఆయన పత్తికొట్టుకు గడియ వెతుక్కున్నాడు.

బళ్ళారి బ్రూస్‌పేటలో ఊలు అమ్మే కేశవమూర్తికి కూడా అనుమానం రాలేదు. "మొన్ననే గదప్పా ఎర్రది తీసుకపోయింది? మీ ఇంట్లో అక్కవి చేతులా, మిషనా?" అని ఆటపట్టించేవాడు.

"దానికి వేరే పనేముండాది? పొద్దస్తమానం అదే" అని వెంకటరామి మీసం తిప్పి అబద్ధమాడేవాడు. ఆ అక్కకు బొత్తాం కుట్టడం కూడా విసుగే.

రెండేళ్ళలో ఒక గోనెసంచి నిండింది. కుందేళ్ళు, కోడిపుంజులు, తొండం పైకెత్తిన ఏనుగులు, చంటిపిల్లల మేజోళ్ళు, కుచ్చుటోపీలు. ఒక్కటీ ఎవరికీ ఇవ్వలేడు. ఎవరికీ చూపలేడు. పత్తి వాసనలో, చీకట్లో, పూసకళ్ళతో అవి ఆయనను చూస్తూ కూర్చునేవి. ఆయనా వాటిని చూస్తూ కూర్చునేవాడు. గడియ పెట్టినవాడు తానే, అయినా తీయడం తన చేతుల్లో లేదనిపించేది. ఊపిరాడనట్టయ్యేది. ఇంకో ఉండ తీసి అల్లేవాడు.

తమ్ముడు సుబ్బరామికి నాలుగేళ్ళ కూతురు ఉంది. పేరు పంపమ్మ, అందరికీ పంపి. "పెదనాయనా, నా మాదిరి బొమ్మ తెచ్చియ్యి, ఎర్ర జాకెట్టుది" అని అది ఒకనాడు ఆయన మీసం పట్టుకొని వేలాడింది. అల్లి ఇచ్చి, బెంగళూరులో కొన్నానని చెప్పాలనుకున్నాడు. పాదాల నుంచి మొదలుపెట్టి పైకి అల్లుకుంటూ వచ్చాడు. కాళ్ళయ్యాయి, లంగా అయింది, ఎర్ర జాకెట్టు అయింది, సూది మెడ దగ్గరికి వచ్చింది. సరిగ్గా అప్పుడు తలుపు తట్టారు. బళ్ళారిలో లారీ ఆగిపోయిందని డ్రైవరు వచ్చాడు. వెంకటరామి కంగారుగా బొమ్మను సూదితో సహా పక్కనున్న పత్తివిత్తనాల బస్తాలో దోపి, గడియ తీసి, డ్రైవరు వెంట వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే సుబ్బరామి ఇంటి నుంచి ఎద్దులకు విత్తనాలు కావాలని కబురొచ్చింది. సుభద్రమ్మ ఆ బస్తానే చూపించింది. నింగమ్మ నెత్తిన పెట్టుకొని మోసుకుపోయి దించి వచ్చింది.

అక్కడ పంపికి ముందురోజు నుంచీ జ్వరం. గొంతు రెండు వైపులా వాచి ఉంది. తెల్లవారి బస్తా కుమ్మరించేసరికి విత్తనాలతోపాటు బొమ్మ జారి పడింది. తల లేదు. మెడలో అడ్డంగా ఇనుప సూది. మెడ నుంచి ఎర్రదారం నేల దాకా సాగి ఉంది.

ఆ ఇంట్లో లేచిన కేకకు ఊరు చావడి దగ్గర పోగైంది. వెంకటరామి బళ్ళారి నుంచి దిగి నేరుగా ఆ గుంపులోకే వచ్చాడు. జనం దారి ఇచ్చి, ఎప్పటిలా ఆయనను అరుగు మీద నడిమధ్యన కూర్చోబెట్టారు. కూర్చున్నాకే ఆయనకు ఎదురుగా నేల మీద తన బొమ్మ కనబడింది. దాని పక్కన నింగమ్మ కనబడింది.

అంత్రాలు, తాయెత్తులు కట్టే పక్కీరప్ప బొమ్మను చేత్తో ముట్టకుండా కట్టెపుల్లతో తిప్పి చూశాడు. "గొంతులో సూది గుచ్చినారు. పాప గొంతు వాచింది. ఇంగ నన్ను అడిగేదేముండాది?"

"బస్తా మోసుకొచ్చింది ఇదే" అన్నాడు సుబ్బరామి, నింగమ్మను చూపించి. అతని కళ్ళు బిడ్డ కోసం ఏడ్చి ఎర్రబడి ఉన్నాయి. చేతిలో గుండ్రాయి ఉంది.

గుంపులో ఎవరో అందుకున్నారు. "మొగుడు పోయినాడు, కొడుకు పోయినాడు. ఇది మాత్రం ఎట్ల బతికుండాది?"

"నాకూ తెలీదప్పా, ఎట్ల బతికుండానో" అంది నింగమ్మ. ఆమెకు ఊరి చివర ఒక గుడిసె. దానికి తలుపు లేదు, గోనెపట్టా వేలాడుతుంది. ఆమె తరఫున మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరని అక్కడున్న అందరికీ తెలుసు. అంత ధైర్యం అందుకే వచ్చింది.

పక్కీరప్ప తీర్పు చెప్పాడు. "బొమ్మను కాల్చల్ల. చేసినదాని ముందరి పళ్ళు రాలగొట్టల్ల. పళ్ళు పోతే మంత్రం నోట పలకదు."

"ఉండేవే రెండప్పా" అంది నింగమ్మ. "సంగటి కొరకల్లంటే అవే దిక్కు."

కొందరు నవ్వారు కూడా.

"అన్నా, ఊరికి పెద్దోనివి. నువ్వు ఊ అను, సాలు" అన్నాడు సుబ్బరామి.

నిజం చెబితే ఏమవుతుందో వెంకటరామికి కళ్ళ ముందు కనబడింది. హొస్పేట దాకా లారీ డ్రైవర్లు చెప్పుకొని నవ్వుతారు. చావడిలో తన మాట ఇక ఎవడూ వినడు. నిమ్మకాయలు మోసిన మీసం ఆనాడు ఆయన గొంతునే పట్టుకుంది.

"పిల్లోళ్ళు ఆడుకునేదేమోలేరా" అన్నాడు మెల్లగా.

"సూది గుచ్చి ఆడుకుంటారా?"

"డాక్టరుకు చూపించినారా?"

"చూపించినాం. గవదబిళ్ళలు, వారంలో తగ్గుతాదన్నాడు. ఆయప్ప ఈ బొమ్మను చూసుంటే ఆ మాట అనేవాడా?"

వెంకటరామి పక్కదారి వెతికాడు. "సరే. పళ్ళూ గిళ్ళూ వద్దు. ఊరు విడిచి పొమ్మందాం" అన్నాడు. అని, తాను ఆ ముసలిదాన్ని కాపాడానని ఒక్క నిమిషం నిజంగానే అనుకున్నాడు. మనం చేసే అన్యాయానికి దయ అని పేరు పెట్టుకోవడం ఎంత సులువో చూడండి.

నింగమ్మ అప్పుడు తల ఎత్తి ఆయన వైపు చూసింది. కోపంగా కాదు.

"యాడికి పోదునప్పా ఈ వయసులో? ఊరు మాత్రం విడిపించేది బేడ, వద్దప్పా. రెండేండ్లుగా మీ కొట్టు ముందర ఊడ్చేది నేనే. ఊడ్చింది ఊడ్చినాను. ఒగరితో అనలేదు, ఇప్పుడూ అనను. మీ పరువు మీది. పళ్ళే గదా కావల్సింది, తీసుకోండి" అని తనంతట తానే నోరు తెరిచింది.

వెంకటరామికి అప్పుడు అర్థమైంది. తలుపు సందు నుంచి రోజూ బయటకు ఎగిరిపడ్డ ఎర్రవీ పచ్చవీ ఊలు తునకలను ఎవరూ చూడకముందే ఎవరు ఎత్తేశారో అప్పుడు అర్థమైంది. ఆయన గడియను ఇన్నాళ్ళూ బయటి నుంచి కాపలా కాసింది ఆమె చీపురు.

ఆయన అరుగు దిగాడు. బొమ్మను ఎత్తుకొని, నింగమ్మ పక్కన మట్టిలో కూర్చున్నాడు.

"ఈ బొమ్మ నాది. నేనే అల్లినాను. ముసల్దానికి ఏమీ తెలీదు."

చావడిలో నవ్వు పుట్టింది.

"అయ్యో, పొద్దున్నే పట్టించినాడు!" అన్నారొకరు. "బొమ్మ ఆయప్పకే పూనింది" అన్నాడు పక్కీరప్ప.

ఎంత చిత్రమో చూడండి. రెండేళ్ళుగా ఆయన నిజాన్ని దాచిన తాగుబోతు పేరే ఇప్పుడు నిజానికి అడ్డం నిలబడింది. ఎవరూ నమ్మలేదు. సుబ్బరామి చేతిలో రాయి అట్లాగే ఉంది.

వెంకటరామి ఆడవాళ్ళ గుంపు వైపు తిరిగి అరిచాడు. "ఏమ్మే సుభద్రా! పత్తికొట్టులో మూలన గోనెసంచి ఉండాది. ఊలు ఉండలుండాయి, ఇంకో సూది ఉండాది. పట్టుకరా."

సుభద్రమ్మ పళ్ళు కొరుక్కుంటూ పోయింది. సీసాలన్నీ ఊరి ముందరే పగలగొట్టాలని పోయింది. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం నెమ్మదిగా వచ్చింది. ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో తొండమెత్తిన ఏనుగు.

"ఇదా నువ్వు తాగిండేది?" అంది.

ఆయన రెండో సూది తీసుకొని, తామ్రవర్ణం దారం కలిపి, మెడ దగ్గర నుంచి అల్లడం మొదలుపెట్టాడు. పెదవులు కదులుతున్నాయి.

"వినండి! మంత్రం గొణుగుతాండాడు!" అని పక్కీరప్ప రెండడుగులు వెనక్కి వేశాడు.

"మంత్రం కాదు పక్కీరా, కుట్లు లెక్కపెడతాండా. ఒగటి తప్పినా మెడ వంకర పోతాది, నీ మొగం మాదిరి."

ఈసారి నవ్వు దిశ మారింది. ఎండ నెత్తి మీదికి వచ్చేదాకా ఆయన అల్లాడు. ఊరు కదలకుండా చూసింది. ఆ లావుపాటి వేళ్ళ మధ్య గడ్డం వచ్చింది, బుగ్గలు వచ్చాయి, నల్లదారంతో జడ వచ్చింది. లోపల పత్తి కూరి మూశాడు. గొంతుకు గుడ్డ చుట్టుకొని తల్లి చంకలో ఉన్న పంపి అప్పటిదాకా ఊరుకుంది గాని ఇక ఊరుకోలేదు.

"పెదనాయనా, దానికి కండ్లు యాడ?"

రెండు పూసలు కుట్టి ఇచ్చాడు. బిడ్డ బొమ్మను వాచిన బుగ్గకు ఆనించుకుంది. తల్లి లాక్కోబోయి, ఏమనుకుందో, వదిలేసింది. చేతిలో గుండ్రాయిని ఎక్కడ పెట్టాలో తెలియక సుబ్బరామి చాలాసేపు అటూ ఇటూ చూశాడు.

వెంకటరామి లేచి నిలబడ్డాడు. ఆయన గొంతులో కొండరాళ్ళను మోగించే బలం ఆ రోజు లేదు.

"నేను తాగుతాననుకున్నన్నాళ్ళూ మీకు మర్యాదగా ఉండె. ఊలు అల్లుతానంటే నవ్వొస్తాంది. నవ్వండప్పా. ఈ నవ్వుకు జడిసి నేను నోరు మూసుకున్నందుకే గదా ఈమె నోరు తెరవల్సి వచ్చింది. చేతబడి చేసినోడు యాడ అని వెతుకుతాండారే, ఈడే ఉండా. పాప గొంతుకు వచ్చింది గవదబిళ్ళలు. నింగమ్మ మీదికి వచ్చింది నేను పెట్టిన గడియ. చేతబడంటే అదే." ఆయన ఆమె వైపు తిరిగాడు. "నింగమ్మా, నీకేం చేసి తీర్చుకోను?"

నింగమ్మ ఆలోచించింది. "చలి వస్తాంది. చెవులు మూసే టోపీ ఒగటి అల్లియ్యి అప్పా."

"ఏ రంగుది?"

"ఎర్రది. ఊరంతా కనపడల్ల."

పంపి గొంతు వాపు డాక్టరు చెప్పినట్టే వారానికి తీసింది. పత్తికొట్టు తలుపుకు గడియ ఊడబీకించారు. వెంకటరామి ఇంటి అరుగు మీద పగటిపూట అందరి ముందరా కూర్చొని అల్లేవాడు. మొదట్లో నవ్వినవాళ్ళే చలికాలానికి పిల్లల తలల కొలతలు పట్టుకొని వచ్చారు. సుభద్రమ్మ కొత్త గిన్నె కొనుక్కుంది. దానికి ఒక్క సొట్టా పడలేదు.

చదువరులారా, ఒక మగవాడు ఊలు పట్టుకుంటే పోయే పరువు, ఒక ముసలిదాని పళ్ళు రాలగొడితే నిలబడుతుందని ఒక ఊరు ఊరంతా అనుకుంది. మన ఊళ్ళు దానికి దూరంగా లేవు. మనం మన సిగ్గుకు గడియ వేసి దాచుకున్నప్పుడల్లా దాని శిక్ష తలుపు కూడా లేని గుడిసెను వెతుక్కుంటూ పోతుంది. కాబట్టి చేతబడికి భయపడేవాళ్ళు అంత్రం కట్టించుకోవడం మాని, ముందు తమ ఇంటి గడియ తీయాలి.