యౌకో బండి నేర్చుకున్న దారి

మోటారు సైకిలుకు కంపెనీ బిగించిన పెట్టెను విప్పగానే బల్లమీద చెంచాడు సరస్సు నీళ్ళు ఒలికాయి. సెప్టెంబరులో లోపలికి పోయిన నీళ్ళు మే నెల దాకా అందులోనే కాపురమున్నాయి. ఇర్మెలి గుడ్డతో తుడవబోయి, చెయ్యి రాక, అలాగే చూస్తూ నిలబడింది. ఆమె మొగుడు యౌకో పోయింది ఆ నీళ్ళలోనే.

మోటారు సైకిళ్ళు బాగుచేసే ఆ షెడ్డును మొగుడూ పెళ్ళాలు ఇరవైరెండేళ్ళు కలిసి నడిపారు. పోయిన సెప్టెంబరు తొమ్మిదిన పొద్దున్నే ఏదో చిన్న విషయానికి మాటా మాటా అనుకున్నారు. అతను హెల్మెట్ తీసుకుంటుంటే, "పోతే పో, తిరిగి రాకపోయినా నాకేం ఫర్వాలేదు" అంది. అతను రాలేదు. పిత్కాయార్వి సరస్సు ఒడ్డున కంకర రోడ్డు వంపులో బండితో సహా నీళ్ళలో దొరికాడు. ఎవరికీ సంగతి తెలియకముందే రోడ్డు చదునుచేసే గ్రేడరు ఆ వంపు మీదుగా రెండుసార్లు తిరిగిపోయింది. బ్రేకు వేసిన జాడ లేదు. వెళ్తూ పడ్డాడో వస్తూ పడ్డాడో కూడా పోలీసులు తేల్చలేకపోయారు.

పోలీసులు తేల్చలేనిది ఊరు ఇట్టే తేల్చేసింది. కావాలనే పోయాడంది. ఈ ఊళ్ళో జనం నోరు తెరిచి నాలుగు మాటలు మాట్లాడరు గాని, కొట్లో పాల డబ్బా అందుకుంటూ ఒక నిట్టూర్పు విడిచి మొత్తం చెప్పేస్తారు. అత్తగారైతే అంత్యక్రియల తరవాత కొడుకు పేరే ఎత్తలేదు. ఇర్మెలి ఎవరినీ ఏమీ అనలేదు. ఎందుకంటే ఊరి కన్నా ముందే ఆమె ఆ మాట నమ్మింది. తన నోటితో తనే పంపించానని ఎనిమిది నెలలుగా కుమిలిపోతోంది.

ఇంజను చెక్కుచెదరలేదు. పెట్రోలు ఎంత పోయాలో, నిప్పురవ్వ ఎప్పుడు వెయ్యాలో చెప్పే ఆ పెట్టె ఒక్కటే చచ్చింది. దాన్ని ఆ బండి తాళంతో జతచేసి అమ్ముతారు, ఇప్పుడు తయారు చెయ్యడమూ మానేశారు. అందుకని ఆమె బయటి రకం కొన్నది. మన చేత్తో లెక్కలు రాసుకునే పెట్టె అది. ఆ బండిని మళ్ళీ నడిపించి, ఆ వంపుదాకా ఒక్కసారి వెళ్ళి, బండి తప్పేమైనా ఉందేమో చూడాలని ఆమె పట్టుదల.

సాయానికి మరిది రైమో వచ్చాడు. అన్నలాగే మెకానిక్కు, అన్నలాగే పొడుగు, మాట మాత్రం కాస్త ఎక్కువ.

"వదినా, ఈ తీగలన్నీ పీకేస్తే మళ్ళీ అతికించగలవా? లేక నూడుల్స్ వండుతున్నావా?"

"నువ్వు ఆ చివర పట్టుకుని నోరు మూసుకుంటే వండకుండానే అయిపోతుంది."

పాత తీగల కట్ట తీసేసి కొత్తది వేశారు. పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు అవే ఉంచారు. పొగగొట్టంలో ఒక సెన్సార్ బిగించారు. ఇంజను వేగం ఒక వైపు, యాక్సిలరేటరు చెయ్యి ఎంత తిప్పారన్నది ఇంకో వైపు పెట్టి, మధ్యలో గళ్ళ పట్టిక. ఏ గడిలో ఎంత పెట్రోలో అందాజుగా నింపి బండి నడిపితే, సెన్సార్ పొగను చూసి లెక్క సరిదిద్దుతుంది. నడిచిన గడి ఆకుపచ్చగా మారుతుంది. నడవని గడి తెల్లగా ఉంటుంది. ప్రతి ప్రయాణమూ గీతలుగా పెట్టెలో నిలుస్తుంది. కాకపోతే ఒక్కటే నిలుస్తుంది. మళ్ళీ తాళం తిప్పితే పాతది చెరిగిపోతుంది. అందుకే ముందు దాన్ని ల్యాప్‌టాప్‌లోకి దింపుకుని, ఆ తరవాతే తాళం ముట్టుకోవాలని ఆమె మొదటిరోజే రైమోకు నూరిపోసింది.

మూడు రోజులు ఇర్మెలి షెడ్డు చుట్టూ, బడి దాకా, పాల డిపో దాకా మెల్లగా తిప్పింది. చెయ్యి పావు వంతు కూడా తిప్పలేదు. పట్టికలో కింది మూల మాత్రం పచ్చబడింది.

"గడ్డి బాగా మొలిచింది, పశువుల్ని తోలుకురానా?" అన్నాడు రైమో.

నాలుగో రోజు మధ్యాహ్నం, ఎండ పడుతున్న గుమ్మం దగ్గర కూర్చుని ఇద్దరూ కాఫీ తాగారు. యాలకుల బన్ను చెరొకటి తిన్నారు. బండి తాళం వాళ్ళ కప్పుల మధ్యనే ఉంది. బండి వాళ్ళకు నాలుగడుగుల దూరంలో స్టాండు మీద ఉంది. కాఫీ అయ్యాక ల్యాప్‌టాప్ తీగ పెట్టెకు గుచ్చి రైమో పట్టిక తెరిచాడు.

పై గళ్ళన్నీ పచ్చగా ఉన్నాయి.

"అమ్మో వదినా! నాకు చెప్పకుండా ఎక్కడికి ఎగిరావు? ఇంజను వేగం ఎనిమిది వేల దాకా తీసుకెళ్ళావే!"

"నేను మూడు వేలు దాటలేదు."

"మరి ఇదేంటి? దెయ్యం తోలిందా?"

ఆ మాట అన్నాక అతనే నవ్వలేకపోయాడు. ఇర్మెలి లేచి వెళ్ళి పొగగొట్టం మీద అరచెయ్యి పెట్టింది. రాయిలా చల్లగా ఉంది. పెట్టెలో మాత్రం ఒక ప్రయాణం ఉంది. మధ్యాహ్నం పన్నెండూ నలభైకి మొదలై నలభైరెండు నిమిషాలు నడిచింది. ఇంజను వేడి తొంభై డిగ్రీలు. ఆ నలభైరెండు నిమిషాలూ వాళ్ళిద్దరూ ఆ గుమ్మంలోనే ఉన్నారు.

"పెట్టె పాడైంది, అంతే. తిరగ్గొట్టి వేరేది తెప్పిద్దాం" అన్నాడు రైమో. అంటూనే గీతలను జరుపుతూ పోయాడు. ఉన్నట్టుండి అతని వేలు ఆగింది.

"ఇక్కడ చూడు."

గేరు దించిన ప్రతిచోటా చేతి గీత రెండుసార్లు పైకి లేచి పడింది. అందరూ ఒక్కసారి విదిలిస్తారు. రెండుసార్లు విదిలించేది యౌకో ఒక్కడే. పెట్రోలు దండగని ఆమె ఎన్నిసార్లు తిట్టినా ఆ అలవాటు మానలేదు.

ఇద్దరూ పక్కపక్కనే నిలబడి మొదటినుంచి చూశారు. ఊరు దాటిన నిదానం, కంకర మీద గీతల వణుకు, రైలు గేటు దగ్గర పూర్తిగా ఆగడం. ఇర్మెలికి అవేవీ కంటికి ఆనలేదు. ఆమె చూపు చివరికి పరిగెత్తింది. చివర్లో మళ్ళీ కంకర వణుకు వచ్చింది. ఆ తరవాత చేతి గీత దబ్బున సున్నాకు పడింది. దాని కింద బ్రేకు గీత లేచింది. రెండున్నర సెకన్లు అలాగే పైన నిలిచింది. ఆపైన అన్నీ సున్నా.

"బ్రేకు పట్టాడు" అంది ఆమె.

"ఎలా పడతాడు? బ్రేకు పట్టిన సంగతి పెట్టెకు చెప్పే తీగ మనం ఇంకా కలపనే లేదు కదా!"

"కలిపి ఉంటావు."

"లేదు వదినా, ఒట్టు! ఉండు, చూపిస్తా."

తీగలో కరెంటు ఉందో లేదో చూడాలంటే ఆ పని చేసేవాళ్ళెవరైనా ముందు తాళం తిప్పుతారు. ముప్ఫై ఏళ్ళ అలవాటు. రైమో కప్పుల మధ్యనుంచి తాళం తీసి, బండికి పెట్టి తిప్పాడు. బ్రేకు తీగ కొస బండి పక్కన గాల్లో వేలాడుతూనే ఉంది. ల్యాప్‌టాప్‌లో గీతలు పోయాయి. పట్టికలో పై గళ్ళు తెల్లబడ్డాయి. కొత్త ప్రయాణం, సున్నా నిమిషాలు అని చూపించింది.

సరస్సు మీద ఎక్కడో కొంగ అరిచింది.

"వదినా... నేను... దింపుకోకుండానే... నన్ను చంపెయ్యి వదినా."

ఆమెకు కోపం రావాలి. వచ్చింది కూడా. అతను తాళం తీసి ఆమెకేసి చాచడం చూశాక ఆ కోపం నిలబడలేదు. చూసింది తనొక్కతే అయితే పిచ్చి అనుకునేవాళ్ళు. ఇప్పుడు ఇద్దరు చూశారు.

"ఇలా వచ్చి కూర్చో. ఏం చూశావో చెప్పు."

"బ్రేకు పట్టాడు."

"ఇంకోసారి."

"అన్నయ్య బ్రేకు పట్టాడు వదినా. చివరిదాకా వదల్లేదు." అతను ముంజేతితో ముక్కు తుడుచుకున్నాడు. "నువ్వు చివర ఒక్కటే చూశావు. మధ్యలో చూడలేదా?"

"మధ్యలో ఏముంది?"

"వంపు దాటాక ఉండే రైలు గేటు రెండుసార్లు వచ్చింది. ఒకసారి ఆగి దాటాడు. అవతల ఎక్కడో పది నిమిషాలు నిలబడ్డాడు, ఇంజను ఆపకుండానే. మళ్ళీ గేటు దగ్గర ఆగాడు. ఆ తరవాతే మళ్ళీ కంకర, వంపు." రైమో తలెత్తాడు. "వెళ్తూ కాదు. వస్తూ."

మళ్ళీ తెరిచి చూసుకోవడానికి ఏ గీతా మిగల్లేదు. రైమో మాట ఒక్కటే మిగిలింది. ఈ వాగుడుకాయకు వేళాకోళం వచ్చు గాని, అబద్ధం చేతకాదని ఆమెకు తెలుసు. ఎనిమిది నెలలుగా రాని ఏడుపు అప్పుడొచ్చింది. పక్కన మనిషి ఉన్నాడని కూడా చూడకుండా గట్టిగా ఏడ్చింది.

కాసేపటికి లేచి కళ్ళు తుడుచుకుని, కారు బయటకు తియ్యమంది.

"ఎక్కడికి?"

"మీ అమ్మ దగ్గరికి. నాకు చెప్పింది ఆవిడకూ చెప్పు."

"నీకెలా తెలుసురా అంటే ఏం చెప్పను వదినా?"

"ఆ మాట ఆవిడ అడగదు" అంది ఇర్మెలి. "ఆ రోజు ఇంటికి వస్తున్నాడని చెప్పు, చాలు."