పదిహేడో నంబరు డబ్బా

ఉమారాణి డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఇరవై ఏళ్లుగా మనుషుల ఉచ్చ వాసన ఎరిగిన ముక్కు అది. ఇందులో వాసనా లేదు, రంగూ లేదు.

"ఇవి నల్లా నీళ్లు సేటూ."

మహిధర్ కుర్చీలోంచి కదల్లేదు. ఆర్మూర్‌లో పసుపు కమీషన్ దుకాణం అతనిది. పదిహేడో నంబరు శాంపిల్ ఇవ్వాల్సిన శ్రీపతి అతని అన్న; కుంగుబాటుతో దుకాణం వెనుక కొట్టుగదిలో ఉంటాడు.

"ఏవైతేంది? గాయిన కాడికి పోయి డబ్బా ఎవరు పడ్తరు? కడుపుల దేవుతది."

ఉమారాణి బస్టాండు పక్క ల్యాబులో రక్తాలు, మూత్రాలు సేకరించే మనిషి. స్పిరిట్‌కు వేళ్ల చివర్లు తెల్లగా పాలిపోయాయి. ఈ నెల హైదరాబాద్ డాక్టర్ సాహితి కోసం తిరుగుతోంది. కుంగుబాటు ఉన్నవాళ్లవి, కొన్నాళ్లు పొంగి కొన్నాళ్లు కుంగే బైపోలార్ జబ్బు ఉన్నవాళ్లవి నలభై శాంపిళ్లు కావాలి. మనం పీల్చే ప్రాణవాయువే ఒంట్లో ఒకలాంటి తుప్పు పుట్టించి కణాల్లోని డీఎన్‌ఏను దెబ్బతీస్తుందట. ఒళ్లు ఊరుకోదట. చెడిన ముక్కను తీసేసి కొత్తది అతుకుతుందట. తీసేసిన ముక్క మూత్రంలో పోతుందట. ఈ జబ్బుల్లో తుప్పు ఎంత, మరమ్మతు ఎంత అన్నది డాక్టరమ్మ లెక్క.

ఉమారాణి నీళ్లు పారబోసి కొట్టుగది తలుపు తోసింది. పసుపు దుమ్ము, పాత ఉచ్చ, పులిసిన అన్నం కలిసిన కంపు గొంతులోకి దిగింది. ఆమె బయటికొచ్చి గోడ పట్టుకుని కక్కుకుని, మళ్లీ లోపలికి వెళ్లింది. గుమ్మం దగ్గర కంచం, దాన్ని లోపలికి నెట్టే కర్ర. పరుపు మీద శ్రీపతి. అరవై ఏళ్లుంటాయి. గడ్డంలో మెతుకులు, వాటి మీద ఈగలు. పాదాలు ఉబ్బి మెరుస్తున్నాయి. వేలితో నొక్కితే పడిన గుంట పూడలేదు.

బకెట్ తెచ్చి ఒళ్లు తుడిచింది. లేపి కూర్చోబెట్టి డబ్బా పట్టింది.

"జర ఆగు బిడ్డా. వస్తలేదు." ఆ మాత్రానికే ఆయాసపడ్డాడు. "నీకు రోత అయితలేదా?"

"అయితది సార్."

అతను నవ్వాడు. "నిజం చెప్పినవ్. గీ టెస్టుల ఏం తెలుస్తది?"

"మీ ఒళ్లు లోపట్లోపట ఎంత మరమ్మతు చేస్కుంటున్నదో తెలుస్తదట."

"ఇంకా చేస్కుంటున్నదా?"

"చేస్కుంటనే ఉంటదట. నిద్రల గూడ."

అతను డబ్బా నింపి, రెండు చేతులతో ఆమెకు అందించాడు.

ఉమారాణి భర్త దుబాయ్ నుంచి వచ్చాక పదకొండు నెలలు గోడవైపు తిరిగి పడుకున్నాడు. స్నానం మానేశాడు. ఆమె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని గిన్నె గుమ్మంలో పెట్టి డ్యూటీకి పోయేది. ఒక పొద్దున పోయిన ప్రాణం సంగతి ఆమెకు మధ్యాహ్నం గానీ తెలియలేదు. కంచం నెట్టే ఆ కర్రను చూస్తే తన చెయ్యే కనిపించింది.

బయటికొచ్చి మహిధర్‌తో చెప్పింది. "కాళ్లు ఉబ్బినయి, దమ్ము తిరుగుతలేదు. దవాఖానకు తీస్కపోండ్రి."

"ఇయ్యాల మాల్ వచ్చింది. రేపు చూస్తం." అతను జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. ఆమెకు కూడా ఆ గది వాసన పట్టింది.

రోడ్డు మీదికొచ్చి తనే నూట ఎనిమిదికి ఫోన్ చేసి, అడ్రసు చెప్పి, వస్తున్నామన్నాక ఆటో ఎక్కింది. పెర్కిట్‌లో మూడిళ్లు, బాల్కొండలో రెండు. అందరూ డబ్బాలను నల్ల కవర్లలో చుట్టి, పక్కింటివాళ్లు చూడకుండా ఇచ్చారు. నాలుగింటికి ఐసుపెట్టె హైదరాబాద్ బస్సెక్కింది. చేతులు మూడుసార్లు కడుక్కుంది. మధ్యాహ్నపు అన్నం మాత్రం తినలేకపోయింది.

సాయంత్రం దుకాణం మీదుగా వెళ్తే ముందు టెంటు వేసి ఉంది. కుర్చీలో మహిధర్ భుజాన తువ్వాలతో ఏడుస్తున్నాడు. చుట్టూ మనుషులు అతని చేతులు పట్టుకుంటున్నారు.

పసుపు సంచులు మోసే ఎల్లయ్య ఆమెను పక్కకు పిలిచి చెప్పాడు. "అంబులెన్స్ వచ్చిందక్కా. ఈడెవ్వలికి ఏం కాలేదని సేటే మలిపి పంపిండు. రెండింటికి పాణం పోయింది."

ఉమారాణి మహిధర్ ముందు నిలబడింది. అతను తలెత్తాడు.

"బండిని ఎందుకు మలిపి పంపినవ్ సేటూ?" అంది, అందరికీ వినబడేలా.

అతను తువ్వాలలో ముఖం దాచుకున్నాడు. ఆమె నేల మీద ఉమ్మి వెనక్కి తిరిగింది.

శ్రీపతి గదిని అప్పటికే ఫినాయిల్‌తో కడిగేశారు. సామానంతా తెచ్చి మురుగు మోరీ పక్కన పడేశారు. తడి పరుపు కింద నుంచి అతను దాచుకున్న కొత్త తెల్ల చొక్కా సగం బయటికి వచ్చి ఉంది. కాలర్ కింద అట్ట, మడతల్లో గుండుసూదులు ఇంకా అలాగే ఉన్నాయి.