మా కప్పు, వదిన వాకిలి

మాది కొండకు మెట్లు మెట్లుగా కట్టిన ఊరు. కింది ఇంటి కప్పే పై ఇంటికి వాకిలి. ఊరు చూడ్డానికి వచ్చినవాళ్లు రాతిగోడలూ, చెక్కిన గుమ్మాలూ చూసి నోరెళ్లబెడతారు, ఫొటోలు తీసుకుంటారు. వాళ్లకేం, నెత్తిమీద వదిన ఉండదుగా!

వదినంటే మా ఆయన అక్క. పై ఇల్లు ఆవిడది. తెల్లారింది మొదలు నా కప్పుమీదే ఆవిడ నడకా, రోలూ, రోకలీ. అది చాలదన్నట్టు ఈ వానలకు రాతిపలకల సందుల్లోంచి నీళ్లు సరిగ్గా నా పొయ్యిమీదే కారాయి. నాకు ఒళ్లు మండిపోయింది. పలకలన్నీ పీకించి వాలుగా రేకులు వేయిస్తానని తెగేసి చెప్పాను. మా ఆయన అటు అక్కకీ ఇటు పెళ్లానికీ సర్దిచెప్పలేక చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు.

మేస్త్రిని వెంటబెట్టుకుని కొలతలకని పైకి వెళ్లాను. రేకులైతే పని తేలిక, మళ్లీ కారదు అన్నాడతను. కాకపోతే వదిన గుమ్మం ముందు గోడవార సందు తప్ప ఇంకేమీ మిగలదట. అది నాకు తెలియక కాదు. కోపంలో కావాలనే మర్చిపోయాను.

వదిన కాళ్లు చాపుకుని పలకలమీద ఒక మూల కూర్చుని ఉంది. నన్ను చూసి దెబ్బలాడలేదు, పక్కన కూర్చోమంది. కూర్చున్నాను. చలిగాలి కోసేస్తోంది గానీ కింద రాయి మాత్రం వెచ్చగా ఉంది. ఎండే లేదు కదా అని ఆశ్చర్యపోయాను.

"నీ పొయ్యి వేడే," అంది వదిన. "నా మోకాళ్లకి ఏ మందూ ఇంత సుఖం ఇవ్వలేదు. నువ్వు పుట్టింటికెళ్తే రాయి చల్లబడిపోద్ది. ఎప్పుడొస్తావా అని చూస్తుంటా. అయినా పొయ్యి తడిస్తే ఎట్లా వండుతావు? రేకులే వేయించుకో."

ఇన్నేళ్లూ ఈవిడ్ని తిట్టుకుంటూ వండాను. ఆ వంటే ఈవిడ మోకాళ్లకి కాపడం పెట్టింది.

రేకుల మాట ఎత్తొద్దని మేస్త్రికి చెప్పాను. పలకలు లేపి, కొత్తగా సున్నం పోసి, మళ్లీ అవే పరవమన్నాను. చాలా రోజులు పడుతుందని గొణిగాడు. పట్టనీ. పొయ్యి ముందుగదిలోకి మార్చాను. పని అయ్యేదాకా వదిన మా ఇంట్లోనే. నిన్న పొయ్యి పక్కనే పీట వేశానో లేదో, కూరలో ఉప్పు తగ్గిందని మొదలుపెట్టింది.