ఇరవై రెండు జీబీల్లో ఒక కూత

ఆదివారం పొద్దున్నే కొండలన్న మా గుమ్మంలో నిలబడి ఒక కాగితం నా చేతికిచ్చాడు. చదివేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది.

దాచేపల్లి పక్కన సున్నపురాయి క్వారీలో మందు పెట్టి రాయి పేల్చే మేస్త్రి ఆయన. జూన్‌లో ఒక పేలుడుకి రాయి ఎగిరొచ్చి, ఆ పక్కన మేకలు కాసుకుంటున్న రోశమ్మ కాలు విరిగింది. హెచ్చరిక సైరన్ మోగించకుండా పేల్చాడు కాబట్టి ఆయన లైసెన్సు ఎందుకు రద్దు చేయకూడదో సోమవారం పదింటికి విచారణలో చెప్పుకోవాలట. అదీ ఆ కాగితంలో ఉన్నది.

"అది పాడైందని నేను మూడుసార్లు చెప్పలా చెల్లెమ్మా? నువ్వే గదా మెయిల్ కొట్టింది. మేనేజరేమో తనకెవురూ చెప్పలేదంటన్నాడు. ఆ రోజు గొంతు పోయేట్టు అరిచా. గాలి అటు తిరిగి రోశమ్మకి వినపళ్ళా" అన్నాడు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఒక్క మనిషికి గీత పడనివ్వని చేతులు ఆయనవి.

"కూర్చో అన్నా. మెయిల్ కొట్టింది నేనైతే, తీసేదీ నేనే" అన్నాను.

క్వారీ షెడ్డులో నెట్ ఉండేది కాదు. పదకొండేళ్ళపాటు వాళ్ళ ఉత్తరప్రత్యుత్తరాలన్నీ మా ఇంటి కంప్యూటర్ నుంచే నడిపాను. మార్చి నెలాఖరున మేనేజరుతో మాటా మాటా పెరిగి మానేశాను. సాయంత్రానికల్లా నా మెయిల్ అకౌంటు తీసిపారేశాడు. దాంతో ఈ ఝాన్సీలక్ష్మి పీడ విరగడైందనుకుని ఉంటాడు. పంపినవీ వచ్చినవీ అన్నీ ఔట్‌లుక్ ఒకే ఒక్క ఫైలుగా నా దగ్గర దాచిపెడుతుందని పాపం ఆయనకు తెలియదు. ఇరవై రెండు జీబీల ఫైలు అది.

తీరా ఔట్‌లుక్ నొక్కితే తెరుచుకోలేదు. సీ డ్రైవ్ నిండిపోయి ఎర్రగీత చూపిస్తోంది. మా ఆయన లక్ష్మీనారాయణ రిటైరైన లెక్కల మాస్టారు. నన్నడక్కుండానే నరసరావుపేటలో కంప్యూటర్లు బాగుచేసే షాపుకి ఫోన్ చేశారు. "తెచ్చివ్వండి సార్, ఫార్మాట్ కొట్టి పడేస్తా. గంటలో అయిపోద్ది" అన్నాడు షాపువాడు. ఫార్మాట్ కొడితే ఆ మెయిళ్ళు కూడా పోతాయి. ఫోన్ లాక్కుని పెట్టేశాను.

డీ డ్రైవ్ సగానికి పైగా ఖాళీగా ఉంది. ఫైలుని అక్కడికి మారిస్తే సరిపోతుంది. కానీ దాన్ని ఎక్కడో లోపలి ఫోల్డర్లలో, పైకి కనబడకుండా దాస్తారు. కంట్రోల్ ప్యానెల్లోకి వెళ్ళి, మెయిల్ సెట్టింగులు తెరిచి, ఫైలున్న చోటు చూపించమని అడిగితే అప్పుడు బయటపడింది. కట్ చేయలేదు. మధ్యలో కరెంటు పోతే రెంటికీ చెడ్డట్టే కదా, అందుకని కాపీయే చేశాను. నలభై నిమిషాలన్నది గంటన్నర పట్టింది. ఈలోపు కొండలన్న రెండుసార్లు టీ తాగాడు.

కాపీ అయ్యాక రెండు ఫైళ్ళ సైజూ అంకె అంకె సరిచూశాను. మా ఆయన చేత కూడా చూపించాను, లెక్కల మాస్టారు ఉన్నందుకు అదొక్కటీ పనికొచ్చింది. ఒక్క అంకె తేడా లేదు. అప్పుడు సీ డ్రైవ్‌లో ఉన్నదాన్ని డిలీట్ చేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశాను. ఎర్రగీత నీలంగా మారింది.

వంటింట్లో పాలు పొంగుతున్నాయి. స్టవ్ కట్టేసి వచ్చేసరికి మా ఆయన నా కుర్చీలో కూర్చుని ఉన్నారు.

"ఏమే, ఫైలు కనపడట్లేదంది. ఓకే కొట్టా. ఇంకోటేదో అడిగింది. దానికీ ఓకే కొట్టా. తెరుచుకుంది చూడు!"

తెరుచుకుంది. లోపల ఒక్క మెయిలూ లేదు. పదకొండేళ్ళ చోట ఖాళీ గడులు.

కొండలన్న లేచి నిలబడ్డాడు. "మొత్తం పోయిందా చెల్లెమ్మా?"

మా ఆయన్ని తిట్టడానికి నోరు తెరిచి, మూసుకుని, ఆలోచించాను. పాత చోట ఫైలు కనబడకపోతే ఔట్‌లుక్ ఊరుకోదు, అదే పేరుతో కొత్తదొకటి పుట్టిస్తుంది. వెళ్ళి చూస్తే నిజంగానే పాత చోట అదే పేరుతో ఒక చిట్టి ఫైలు, అర జీబీ కూడా లేదు. డీ డ్రైవ్‌లో మన ఇరవై రెండు జీబీలూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఔట్‌లుక్ మూసేసి, ఆ చిట్టిదాని పేరు మార్చి పక్కన పడేసి, మళ్ళీ తెరిచాను. ఫైలెక్కడుందని అడిగినప్పుడు డీ డ్రైవ్ చూపించాను. ఈసారి మెయిళ్ళు బిలబిలమంటూ దిగాయి.

"మీరు ఆ కుర్చీ లేవండి" అన్నాను మా ఆయనతో. లేచారు.

అన్నిటినీ ఔట్‌లుక్ మళ్ళీ జాబితా వేసుకుని వెతుకులాటకు సిద్ధమయ్యేసరికి మూడయింది. సైరన్ అని కొట్టాను. ఏమీ రాలేదు. హూటర్ అని కొట్టాను. ఏమీ రాలేదు. అలారం, హారన్, స్పెల్లింగులు మార్చి మార్చి కొట్టాను. నేనే టైపు చేసిన మెయిల్ నాకే దొరకలేదు.

"నువ్వు చెప్పింది చెప్పినట్టే కొట్టానన్నా, గుర్తుంది. సైరన్ గురించి అసలేమని చెప్పావు నువ్వు?"

"సైరనని నేనెందుకంటా? నా నోట ఆ మాటెప్పుడన్నా విన్నావా? కూత రావట్లేదని చెప్పా."

నెత్తి మీద మొట్టుకున్నాను. ఇంగ్లీషు అక్షరాల్లో కూత అని కొట్టాను. రాలేదు. టీ పక్కన హెచ్ ఒకటి కలిపి కొట్టాను. మూడు మెయిళ్ళు! జనవరి, ఫిబ్రవరి, మార్చి. మూడిట్లోనూ అదే వాక్యం, తెలుగే, ఇంగ్లీషు అక్షరాల్లో: కూత రావట్లేదు, కూత లేకుండా పేల్చడం మంచిది కాదు, కొండలు. మార్చి మెయిల్ కింద మేనేజరు జవాబు ఇంగ్లీషులో ఉంది: చూశాను, కొత్తది వచ్చేదాకా అరిచి పేల్చండి, పని ఆపొద్దు.

కొండలన్నకి చదివి వినిపించాను. ఆయన ముఖం రెండు చేతుల్లో దాచుకున్నాడు. మా ఆయన కొండలన్న భుజం మీద చెయ్యేశారు.

ప్రింట్లు తీయించాను. కానీ ఆ మేనేజరు సంగతి నాకు తెలుసు. సోమవారం సీపీయూ ఒళ్ళో పెట్టుకుని, మానిటర్ కొండలన్న చేతికిచ్చి, ఆటోలో విచారణ జరిగే క్వారీ ఆఫీసుకి బయల్దేరాను. ప్రతి గుంతకీ డ్రైవర్ని తిట్టాను.

విచారణ చేయడానికి వచ్చిన అధికారి మేడం ప్రింట్లు చదువుతుండగానే మేనేజరు అందుకున్నాడు. "ఇయ్యన్నీ ఎవురైనా టైపు చేసుకోవచ్చు మేడం."

"అందుకే పెట్టెతో సహా తెచ్చా. ప్లగ్గెక్కడ?" అన్నాను.

మేడం కుర్చీ జరుపుకుని తెర మీద తేదీలతో సహా స్వయంగా చూసుకుంది. మేనేజరు జవాబు దగ్గర ఆగి రెండోసారి చదివింది. ఆయన మెడ మీద చెమట పట్టింది గాని పట్టు విడవలేదు. "ఇందులో సైరనన్న మాటే లేదు మేడం. కూతంటే ఏందో ఎవురికి తెలుసు? ఎవుడో కూసిన కూతలయ్యుండొచ్చు."

మేడం ఫైలు తిరగేసి రోశమ్మ వాంగ్మూలం బయటికి తీసింది. కొండలన్న తప్పుకి సాక్ష్యంగా పెట్టిన కాగితమది. పైకి చదివింది: "కూత రాలేదు. అందుకే మేకల్ని మళ్ళేయలేదు." తలెత్తి, బల్ల మీద కట్టు కాలు చాపుకుని కూర్చున్న రోశమ్మని అడిగింది. "కూతంటే ఏంటమ్మా?"

"క్వారీ కూతండీ. పేల్చే ముందర మిషను కూస్తదే, అది. ఆ కూతింటే మా మేకలు గూడా తోలకుండానే ఇంటి దోవ పడతయ్."

గదిలో అందరూ గొల్లున నవ్వారు, మేనేజరు తప్ప. మేడం నవ్వలేదు గాని పెన్ను తీసింది. కొండలు మీద ఆరోపణ కొట్టివేత, లైసెన్సు కొనసాగింపు, సంజాయిషీ చెప్పవలసింది మేనేజరు. అప్పటికప్పుడే రాసి సంతకం చేసింది. ఇంత సంతోషం నాకు పదో తరగతి పాసైనప్పుడు కూడా కలగలేదు.

వరండాలోకి వచ్చాక రోశమ్మ కొండలన్నని పిలిచింది. "నీ మీద చెప్పాలని చెప్పలా అన్నా. కూత రాలేదన్నా, అంతే."

ఆయన ఆమె కట్టు కాలి పక్కన నేల మీద చతికిలబడ్డాడు. "నువ్వు ఉన్నదున్నట్టు చెప్పబట్టే నేను బతికా తల్లీ. అరిస్తే చాలనుకున్నా చూడు, అదీ నా తప్పు." కళ్ళు తుడుచుకుని లేచి, లోపలికి వినబడేలా గట్టిగా అన్నాడు. "ఇక కూత రాందే నేను మందుకి వైరు కలపను. ఎవుడు చెప్పినా సరే."

లోపల మేనేజరు తలెత్తి చూశాడు.